ఊరి ఆనవాళ్ళు - బడి పిల్లలు

మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువు కడ ఒక శాసనశిల కలదు. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ ఆ చెరువును కట్టించి, ఆ సంగతిని శిలపై చెక్కించెను. చెరువు సంగతితోపాటు ఆమె తన పుట్టినింటివారి వంశక్రమమును గూడ వెన్నరాజు మొదలుకొని వరుసగా చెప్పించినది. కాకతీయుల తొలి తరములవారు ఎవరు, ఎవరి తరువాత ఎవరు ఏలిరి అను చిక్కు ప్రశ్నలకు జవాబు వెదకిన చరిత్రకారులకు ఆ శిల గొప్ప ఆధారమైనది. ఓరుగల్లు వంటి రాజధాని చరిత్రలోని వెలితిని ఒక పల్లె చెరువు కడ నిలిచిన రాయి పూరించినదన్నమాట.

ఆ రాయి దాదాపు ఎనిమిది వందల ఏండ్లు నిలిచినది. నడుమ ఏ తరమువారైనను దానిని పగులగొట్టి తూమునకు వాడుకొని యుండినచో, మనకు ఆ వంశక్రమము చేజారెడిది.

పల్లెలలోని ఇట్టి ఆనవాళ్ళను నిత్యము చూచువారు ఎవరు? పట్టణమునుండి ఏడాదికొకమారు వచ్చు పండితుడు కాడు. బడికి పోవుచు కట్ట మీదుగా నడచు పిల్లలు, సెలవునాడు మేకల వెంట గుట్టలెక్కు పిల్లలు. ఏ బండ క్రింద నీడ కలదో, ఏ రాతిమీద గీతలు కలవో వారెరిగినంతగా మరెవ్వరును ఎరుగరు. వారికి తెలియనిదెల్ల, తాము చూచుచున్నది ఏమి అనునదే. ఆ ఒక్కటి నేర్పుటకు ప్రాథమిక పాఠశాల చాలునని మా తలంపు. అయితే ఏమి చేయింపవలెను, ఏమి చేయింపరాదు అనునది ముందుగా తెలిసికొనవలసి యున్నది. తెలియక చేయించినచో మేలుకంటె కీడే మిక్కుటమగును. ఆ కీడు మా చేతులమీదుగా ఒకమారు జరిగినది. దానిని ముందు చెప్పెదము.

ఉదాహరణలకు మనము జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలను తీసికొందము. ఇవి 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఏర్పడినవి. జనగామ వైపున పాలకుర్తి సోమేశ్వరుని గుట్ట, ఖిలాషాపురము కోట కలవు. మానుకోట అని జనులు నేటికిని పిలుచుకొను మహబూబాబాదు వైపున కురవి వీరభద్రస్వామి గుడియు, అచ్చటనే తొమ్మిది పది శతాబ్దుల నాటిదని చెప్పబడు తెలుగు వచన శాసనమును కలవు. భూపాలపల్లి వైపున గణపురము కోటగుళ్ళు, ఒకే శిలకు నాలుగు వైపుల నాలుగు విధముల మూర్తులను చెక్కిన నైనపాక గుడి, గోదావరీ ప్రాణహితల సంగమమున కాళేశ్వరము, రేగొండ ప్రాంతమున పాండవులగుట్ట కలవు. ఇవన్నియు పేరుపడిన చోట్లు. పేరుపడక చేల గట్లలో, చెట్ల మొదళ్ళలో పడియున్నవి అంతకంటె ఎన్నో రెట్లు. మనకు ముఖ్యమైనవి అవియే. ఏలయన, వాటికి కావలివారు లేరు.

అవి ఎట్లు మాయమగుచున్నవో పల్లెవారికి చెప్పనక్కరలేదు. మొరము కొరకు గుట్ట అంచును తొలిచినప్పుడు పాతకాలపు సమాధి ఒక ఉదయములో ట్రాక్టరులోనికి ఎక్కును. చేను చదును చేయుటకు జేసీబీ వచ్చినప్పుడు గుండ్రముగా పాతియున్న రాళ్ళు గట్టుమీద కుప్పయగును. గుప్తనిధుల ఆశతో అర్ధరాత్రి పాడుగుళ్ళను త్రవ్వువారు వేరు. వీరగల్లు మీద బట్టలుతుకుదురు. భక్తి హెచ్చినవారు శాసనముమీద సున్నమో రంగో పూయుదురు. ఎవ్వరికిని చెడ్డ తలంపు లేకయే చాలవరకు నష్టము జరుగుచున్నది.

ఇక మా పొరపాటు. ఒక గ్రామములో నాలుగవ, ఐదవ తరగతుల పిల్లలకు పాతరాతియుగము, కొత్తరాతియుగము అని బొమ్మలు గీసి చెప్పితిమి. నునుపుగా నూరిన రాతిగొడ్డలి ఎట్లుండునో చూపితిమి. "ఇట్టివి మీ ఊరిలో ఎక్కడనైన చూచితిరా?" అని అడిగితిమి. అంతటితో ఊరకుండక, "దొరకినచో తీసికొని రండు" అంటిమి. ఆ ఒక్క మాటయే తప్పు. మరునాడు ఒక బాలుడు అరచేతిలో ఇమిడెడు నల్లని రాయిని తెచ్చి బల్లమీద పెట్టెను. నిజముగనే రాతిగొడ్డలి, అంచు ఇంకను పదునుగా నున్నది. పిల్లలందరు చుట్టు మూగిరి. మా సంతోషమునకు మేరలేదు. ఎక్కడ దొరకినదని అడుగగా బాలుడు తలవంచుకొనెను.

మధ్యాహ్నమునకు ఒక వృద్ధుడు బడికి వచ్చెను. ఆ రాయి వేపచెట్టు క్రింద పోచమ్మ గద్దెమీదిది. మన పల్లెలలో ఇట్టి రాళ్ళను పిడుగురాళ్ళని పిలిచి, పిడుగుతోపాటు ఆకాశమునుండి పడినవని నమ్మి, చెట్టు క్రింద దేవతల కడ ఉంచుట వాడుక. వృద్ధుడు కోపపడలేదు. "అది అమ్మ కాడి రాయి బిడ్డా. ఎక్కడిదక్కడ పెట్టుండ్రి" అని మాత్రమనెను. మాకు తలయెత్తుటకు వీలు లేకపోయెను. బాలుని ముందు నడిపించి, పిల్లలందరితో పోయి, రాయిని గద్దెమీద పెట్టి, క్షమింపుమని అడిగితిమి.

అప్పుడు ఒక బాలిక, "తాతా, మరి ఇది గద్దెమీదికి ఎట్ల వచ్చింది?" అని అడిగినది. బల్లమీద రాయి చూచి మురిసిన మాకు ఆ ప్రశ్న తోచనే లేదు. వృద్ధుడు తన తండ్రి దున్నుచుండగా అది నాగలికి తగిలెనని చెప్పి, ఆ చేనును చూపెను. చేని అంచున రాతిపరుపుమీద జానెడు పొడవు, నునుపుగా అరగిన గాడులు వరుసగా కలవు. ప్రాచీనులు రాతిగొడ్డళ్ళకు పదునుపెట్టుటకు నీటితో, ఇసుకతో బండమీద నూరినప్పుడు ఇట్టి గాడులే ఏర్పడును. ఆ ప్రక్కనే వాగు. రాయి బల్లమీద నున్నప్పుడు అది ఒక వింత వస్తువు మాత్రమే. దాని చోటు తెలిసినప్పుడు చేను, బండ, వాగు, అన్నియు ఒక్క కథలోనికి వచ్చినవి.

పురావస్తు శాస్త్రమునకు పునాది ఇదియే. వస్తువునకు ఎంత విలువయో, అది దొరకిన చోటునకు అంత విలువ. చోటునుండి కదలించిన వస్తువు సాక్ష్యము చెప్పలేదు. కనుక పిల్లలకు నేర్పవలసిన మొదటి పాఠము "చూడుము, ముట్టకుము" అనునది. రెండవది, త్రవ్వరాదు. త్రవ్వకము ఒక చోటును ఒక్కమారే చదువగల పుస్తకము. చదువుచు పుటలను చింపివేయుట వంటిది. శిక్షణగల పండితులు, ప్రభుత్వ అనుమతితో, అంగుళమంగుళము వ్రాసికొనుచు చేయవలసిన పని అది.

చట్టము గూడ ఇదే చెప్పుచున్నది. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము, భూమిలో దాగియుండి దొరకిన వస్తువు విలువ పది రూపాయలకు మించినచో కలెక్టరుకు తెలుపవలెను. 1972 నాటి పురావస్తువుల చట్టము నూరేండ్లకు తక్కువగాని విగ్రహములు, నాణెములు, శాసనములు మొదలగువాటి అమ్మకమును, ఎగుమతిని కట్టడి చేసినది. మన రాష్ట్రమున 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చినది. బడిలో "మ్యూజియము" పెట్టుదమని ఉత్సాహపడు ఉపాధ్యాయులు దీనిని గుర్తుంచుకొనవలెను. బడిలో ఉండదగినవి పటములు, బొమ్మలు, ఛాయాచిత్రములు, పిల్లల వ్రాతలు. వస్తువులు వాటి చోటనే ఉండవలెను. పొలములో ఏదైన క్రొత్తగా బయటపడినచో సర్పంచికిని, తహసీలుదారుకును, వారి ద్వారా వారసత్వ శాఖకును వర్తమానము పంపవలెను.

త్రవ్వక, కదలింపక, పిల్లలు చేయగలది ఏమున్నదని అడుగవచ్చును. చాల యున్నది.

మొదట పటము. మూడవ తరగతి పిల్లవాడు బడినుండి ఇంటికి పోవు దారిని గీయగలడు. నాలుగవ తరగతివాడు దానికి చెరువు, కట్ట, తూము, మత్తడి, బొడ్రాయి, గడి, బురుజు, పాత బావి చేర్పగలడు. ఐదవ తరగతివాడు అడుగులతో దూరము కొలిచి, సూర్యుని చూచి దిక్కులు నిర్ణయింపగలడు. తరగతి అంతయు కలిసి వ్రాసిన పటమును గోడకు అంటించి, ఊరిపెద్దలను పిలిచి చూపవలెను. పెద్దలు ఊరకుండరు, "అది అక్కడ గాదు, ఇక్కడ" అని దిద్దుదురు. ఆ దిద్దుబాట్లలోనే అసలు చరిత్ర బయటపడును.

పటము వెంట చేల పేర్లు. ఇవి మిక్కిలి విలువైనవి, మిక్కిలి త్వరగా పోవునవి. రెవెన్యూ కాగితములలో సర్వే నంబరు ఉండును గాని "పాటిచెలుక" అను పేరు ఉండదు. పాటి అనగా పాతకాలమున ఊరుండి పాడైన చోటు. పాటిగడ్డమీది మన్ను బూడిదవన్నెగా నుండి, దున్నినప్పుడెల్ల కుండపెంకులు పైకి వచ్చును. ఆ మన్ను సారవంతమని రైతులు తమ చేలకు తోలుకొందురు. అట్లు ఎన్నో పాటిగడ్డలు బండ్లమీద తరలిపోయినవి. గడిమడి, కుమ్మరికుంట, తూముక్రింది పొలము వంటి ప్రతి పేరును ఒక ప్రశ్నయే. కుమ్మరులు లేని ఊరిలో కుమ్మరికుంట ఎందుకున్నది? ఇప్పుడు సర్వే నంబరుతోనే వ్యవహారము జరుగుచున్నందున పాత పేర్లు అరువదేండ్లు దాటినవారి నోట మాత్రమే మిగిలినవి. అడుగవలసినచో ఈ ఏడే అడుగవలెను.

మహబూబాబాదు జిల్లాలో తండాలు, కోయగూడెములు విస్తారముగా నున్నవి. అచ్చటి పిల్లలు "మా ఊరిలో గుడి లేదు, శాసనము లేదు, మేమేమి వ్రాయుదుము?" అని చిన్నబుచ్చుకొనరాదు. ఎడ్లమీద ధాన్యము, ఉప్పు వేసికొని దేశమంతయు తిరిగిన లంబాడీల తాతముత్తాతలు ఏ దారిన వచ్చిరి, ఎక్కడ మకాము వేసిరి, ఈ తండాకు ఈ నాయకుని పేరెట్లు వచ్చినది అనునవన్నియు చరిత్రయే. కోయల వాగుల పేర్లు, గుట్టల పేర్లు వారి భాషలోనే అర్థవంతములు. ఇంటి భాషలో పేరెట్లు పలుకుదురో అట్లే తెలుగు లిపిలో వ్రాయించి, ప్రక్కన అర్థము వ్రాయింపవలెను. తెలుగు చేసి వ్రాసినచో పేరు చెడును, అర్థము పోవును. బడిలో ఎన్నడును నోరువిప్పని పిల్లలు ఈ పనిలో ముందుకు వచ్చుట మేము చూచితిమి.

కుండపెంకుల పాఠము వేరొకటి. పాటిగడ్డమీద నాలుగు మూలల మేకులు నాటి, గజము పొడవు, గజము వెడల్పు వచ్చునట్లు త్రాడు కట్టి, ఆ గడిలో పైకి కనబడు పెంకులను లెక్కింపవలెను. ఎరుపెన్ని, నలుపెన్ని, అంచుముక్కలెన్ని, అడుగుముక్కలెన్ని అని వ్రాసికొని, పెంకులను అక్కడనే విడువవలెను. లెక్కల పాఠము, చరిత్ర పాఠము ఒక్కమారే యగును. లోపల నలుపు, వెలుపల ఎరుపుగా నున్న పెంకులు కనబడినచో అవి ఇనుపయుగపు ప్రజలవి కావచ్చును. ఒకే కుండకు రెండు రంగులు ఎట్లు వచ్చెనని పిల్లలు తప్పక అడుగుదురు. జవాబును పుస్తకములో వెదకుటకంటె ఊరి కుమ్మరి కడకు పోవుట మేలు. గాలి తగిలిన వైపు మన్ను ఎరుపెక్కుననియు, గాలి అందక పొగ పట్టిన వైపు నల్లబడుననియు ఆయన ఆము కడ నిలబెట్టి చూపగలడు.

బయ్యారము గుట్టలలో ఇనుపరాయి ఉన్నదని అందరు ఎరిగినదే. ఉత్తర తెలంగాణమున ప్రాచీనులు ఇనుమును, ఉక్కును కరగించిన చోట్లను 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారును, ఇంగ్లండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును కలిసి సర్వే చేసిరి. ఆ చోట్లకు ఆనవాలు చిట్టెపురాయి. చూచుటకు బెల్లపు పాకము కారి గడ్డకట్టినట్లుండును; లోపల బుడగలు, పైన త్రుప్పురంగు. చేత పట్టినచో మామూలు రాతికంటె బరువు. చిట్టెము కుప్పలు కనబడిన చోటును పటములో గుర్తించి, ఆ దాపున వాగు ఎంత దూరము, ఇనుపరాయి ఎంత దూరము అని పిల్లలచే కొలిపించినచో, కొలిమి అచ్చటనే ఎందుకు పెట్టిరో వారే చెప్పుదురు.

శాసనముల విషయమున ఒక హెచ్చరిక. అక్షరములు స్పష్టముగా కనబడవలెనని సుద్దముక్కతోగాని, బొగ్గుతోగాని, నూనెతోగాని రుద్దరాదు. దానికి సులభమైన ఉపాయము వేరే కలదు. ఉదయమున గాని సాయంకాలమున గాని, ఎండ ఏటవాలుగా పడునప్పుడు చూడవలెను. నడిమధ్యాహ్నమున కనబడని అక్షరములు అప్పుడు నీడలు పట్టి పైకి లేచును. ఎండ తగలని మూలనున్న శిలకు చిన్న అద్దముతో వెలుతురును ప్రక్కనుండి మళ్ళింపవచ్చును. ఇది పిల్లలకు ఆటవలె నుండును. ఎవరు ముందుగా ఒక అక్షరము పట్టుదురని పోటీలు పడుదురు. కాకతీయుల నాటి లిపి నేటి తెలుగు, కన్నడ లిపులు రెండింటికిని దగ్గర. కొన్ని అక్షరములు పిల్లలకు గుర్తు దొరకును. మిగిలినవి చదువుట పండితుల పని; మనము ఛాయాచిత్రము తీసి పంపిన చాలును. పరిశోధనను ఇంటింటి పనిగా చేసిన సంప్రదాయము మనకు కలదు. హైదరాబాదులోని లక్ష్మణరాయ పరిశోధక మండలివారు 1935లో ప్రకటించిన "తెలంగాణా శాసనములు" సంపుటము అట్టి కృషి ఫలమే.

పెద్ద విహారయాత్ర పెట్టగల బడులవారు పాండవులగుట్టకు పోవలెనని మా సలహా. ఇసుకరాతి కొండ చరియల క్రింద, గుహల గోడలమీద ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులతో వ్రాసిన బొమ్మలు అక్కడ కలవు. అడవిదున్న, జింక, పులి, చిరుతపులి, విల్లమ్ములు, వలయములు, చతురస్రములు కనబడును. ఈ చిత్రములు 1990లో పరిశోధకుల దృష్టికి వచ్చినవి. అంతకు ముందే చుట్టుప్రక్కల పశులకాపరులకు అవి తెలిసియే యుండును. ఒకే గుట్టపై మధ్యరాతియుగపు వేటగాండ్ర బొమ్మలు మొదలు చారిత్రక యుగమున వ్రాసిన పాండవుల చిత్రముల వరకు ఉండుట విశేషము. ఒక తరమువారి గోడమీద మరియొక తరమువారు వ్రాసిరి.

ఇట్టి చోట్ల రెండు జాగ్రత్తలు. తేనెతుట్టెలు, పాములు, జారు బండలు ఉండును గనుక ఊరి మనిషి ఒకడు ముందు నడువవలెను. చిన్నపిల్లలను చేయి విడువరాదు. రెండవది, గోడమీద చేయి పెట్టరాదు, నీళ్ళు చల్లరాదు, పేర్లు గీయరాదు. అనేక సుందర స్థలములలో యాత్రికులు తమ పేర్లను సుద్దతోను, రంగుతోను వ్రాసిపోవుట మనము చూచుచునే యున్నాము. పదేండ్ల బాలుడు ఒకమారు ఈ బొమ్మలకు నకలు తన కాగితముమీద గీసినచో, తన పేరు గోడమీద గీయుటకు జంకును.

పిల్లల కన్నును తక్కువగా తలంపరాదు. 1879లో స్పెయిను దేశమున అల్తామిరా గుహలో ఒక పెద్దమనిషి పాత పనిముట్ల కొరకు నేలవైపు చూచుచుండగా, ఎనిమిదేండ్ల ఆయన కుమార్తె మరియా తలపైకెత్తి కప్పుమీద ఎద్దుల బొమ్మలున్నవని కేకవేసెను. అవి వేలయేండ్ల నాటి అడవిదున్నల చిత్రములు. పండితులు నమ్మలేదు. ఇరువదేండ్లకు పైగా అది మోసమని ఎగతాళి చేసిరి. 1902 నాటికిగాని వారు తప్పు ఒప్పుకొనలేదు. అప్పటికి ఆ తండ్రి గతించెను. జపాను దేశమున ఒకయామా మండలములో 1953లో త్సుకినోవా అను ప్రాచీన సమాధి దిబ్బను పండితుల పర్యవేక్షణలో త్రవ్వినప్పుడు, ఆ గ్రామస్థులు, ఉపాధ్యాయులు, బడిపిల్లలు వేలసంఖ్యలో వచ్చి మట్టి మోసి, పనిలో పాల్గొనిరి. త్రవ్వకమును పండితులు నడిపిరి. ఊరు ఊరంతయు దానిని తమదనుకొనెను.

కథల మాట. ప్రాచీన సమాధులను మన పల్లెలలో రాకాసిగుళ్ళు అందురు. 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో నుండి, ఇప్పుడు ములుగు జిల్లాలో చేరిన దామరవాయి అడవిలో పెద్ద పెద్ద రాతిపలకలతో గదులవలె కట్టిన ఇట్టి సమాధులు అనేకము కలవు. అంత బరువు పలకలను మనుష్యులు ఎత్తలేరని తలచి, రాక్షసులు కట్టిరని పూర్వులు చెప్పుకొనిరి. ఉపాధ్యాయుడు ఆ మాట విని నవ్వరాదు. "అవ్వ ఇట్లు చెప్పినది" అని పిల్లవానిచే వ్రాయించి, దాని క్రిందనే "పలక పొడవు ఇంత, మందము ఇంత, ఇట్టి రాయి దాపున ఇక్కడ కలదు" అని వ్రాయింపవలెను. మోకులు, మొద్దులు, ఏటవాలు మట్టికట్టతో బరువును ఎట్లు ఎత్తవచ్చునో ఇటుకతో, పెన్సిళ్ళతో బల్లమీద చేసి చూపవచ్చును. అవ్వ మాట అబద్ధమని చెప్పనక్కరలేదు. ఆ రాళ్ళు ఇన్నాళ్ళు నిలిచినవన్న, రాకాసి భయము గూడ కొంత కాపాడియుండును.

ఖిలాషాపురము కోట సంగతియు ఇట్టిదే. అది సర్వాయి పాపన్న కట్టించినదని ప్రసిద్ధి. ఈయన 1708లో ఓరుగల్లును కొల్లగొట్టెను. మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాను ఆయనను దారిదోపిడీగా వ్రాసెను. మన పల్లె గాయకులు ఆయనను వీరునిగా పాడిరి. 1874లోనే ఆ పాటను ఒక ఆంగ్లేయుడు సేకరించి ప్రకటించెను. ఐదవ తరగతివారికి రెండు కథలును చెప్పి, కోట గోడలను, బురుజులను చూపి, "ఎవరి మాట ఎందుకట్లున్నది?" అని అడిగి చూడుడు. పెద్దవారి తరగతులలో గూడ వినబడని జవాబులు వచ్చును.

పాతవి మాత్రమే చరిత్ర యని పిల్లలు తలంపకుండ దగ్గరి కాలమును గూడ చూపవలెను. 1889లో బెజవాడ వరకు పడిన రైలుదారి మహబూబాబాదు మీదుగా పోయినది. స్టేషను వచ్చిన ఊరు పెరిగినది, ప్రక్కనున్న పాత బండ్లదారిలోని ఊరు ఆగిపోయినది. భూపాలపల్లిలో బొగ్గుగనుల వలన తల్లిదండ్రులు దున్నిన చేల ఆకారమే మారినది, "మన చేను ఎక్కడుండెను?" అని బిడ్డ అడిగినచో తండ్రి చేయి చాచి చూపు దిక్కున నేడు మట్టిదిబ్బ కనబడవచ్చును. 2016కు ముందు బయ్యారము ఖమ్మము జిల్లాలోను, కాళేశ్వరము కరీంనగరు జిల్లాలోను ఉండెను. ఊరు కదలలేదు, సరిహద్దు కదలినది. తాత పుట్టినప్పటినుండి తన ఊరు ఎన్ని జిల్లాలలో ఉన్నదో ప్రతి పిల్లవాడును వ్రాయవచ్చును.

దీనికి ఖర్చు లేదు. ఒక గట్టి అట్ట పుస్తకము చాలును. పుటకు ఒక చోటు. పైన చోటు పేరు, ఊరివారు పిలుచు విధము, బడినుండి దిక్కు, అడుగుల దూరము. నడుమ పిల్లలు గీసిన బొమ్మ. క్రింద ఎవరు చెప్పిరి, వారి వయస్సు, వ్రాసిన పిల్లల పేర్లు, తేదీ. తెలియని చోట "తెలియదు" అని వ్రాయుటకు సిగ్గుపడరాదు. పూర్వము మెకంజీ దొర కావలి సోదరులు మున్నగువారి సహాయముతో ఊరూరి కైఫియతులు వ్రాయించెను. నూట ఏబది, రెండువందల ఏండ్ల తరువాత చరిత్రకారులు వాటిని తెరచి చూచుచున్నారు. మన పుస్తకమునకు నకలు ఒకటి తీసి గ్రామపంచాయతీలో ఉంచవలెను. వాన కురియు బడి అటక ఒక్కటే దానికి చోటు కారాదు. విలువైన విగ్రహములున్న పాడుగుడి దారిని మాత్రము బయటివారికి కనబడునట్లు గోడమీద వ్రేలాడదీయకుండుట మంచిది. నిధులు వెదకువారు గూడ చదువుకొన్నవారే.

ఐదవ తరగతి పిల్లలు ఏటేట బడి విడిచి పోవుదురు, నాలుగవ తరగతివారు ఐదవకు వత్తురు. క్రొత్తగా వచ్చినవారికి మొదటి పని, పాత పుస్తకము చేతబట్టి అవే చోట్లకు మరల పోవుట. అందుకొరకు ప్రతి పుట చివరను మూడు గళ్ళు గీసి యుంచవలెను: ఉన్నది, కదలినది, లేదు. మూడవ గడిలో గీత పెట్టవలసి వచ్చిన యెడల, ఎప్పటివరకు చూచితిమో, ఏ కారణమున పోయెనో అడిగి, దాని ప్రక్కనే వ్రాయింపవలెను.